తీరని ఒత్తిడికి తెరిపి

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒకే రోజు, ఒకే వరుసలో పత్తి బస్తాలు దించిన ఇద్దరు రైతులను ఊహించుకుందాం. ఇద్దరి సరుకూ ఇంచుమించు ఒకే నాణ్యతది, ఇద్దరికీ పలికే ధర కూడా ఒకటే. మొదటి రైతుది సొంత భూమి. పెట్టుబడికి బ్యాంకులో పంట రుణం దొరికింది, ధర నచ్చకపోతే బస్తాలు తిరిగి ఇంటికి తోలుకుపోయే వెసులుబాటు ఉంది. రెండో రైతు కౌలుకు దున్నినవాడు. విత్తనాలు, ఎరువులు, కైకిలి ఖర్చు అన్నీ అడ్తిదారు దగ్గర తెచ్చినవే కాబట్టి ఆ రోజు ఎంత పలికితే అంతకు, ఆ అడ్తిలోనే అమ్మక తప్పదు. ముందు రాత్రి మొదటి రైతు కంటినిండా నిద్రపోయి ఉంటాడు, రెండో రైతు కన్ను మూసి ఉండడు. ఎదురయ్యే సంగతి ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ఒత్తిడి ఒకరిలోనే ఎందుకు పుట్టిందో తేల్చుకుంటే, దాని గురించి మనం రోజూ చెప్పుకునే మాటల్లో సగం సరిదిద్దుకోవలసి వస్తుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో ఇచ్చిన వివరణ ఇక్కడ పనికొస్తుంది. ఏదైనా ఎదురైనప్పుడు మనసు తెలిసీ తెలియకుండానే రెండు లెక్కలు వేస్తుందని వారు చెప్పారు. దీనివల్ల నాకు నష్టం ఉందా అన్నది మొదటి లెక్క; దాన్ని తట్టుకోవడానికి నా దగ్గర ఏముంది అన్నది రెండోది. డబ్బు, సమయం, ఆరోగ్యం, పని తెలిసిన అనుభవం, అండగా నిలిచే మనుషులు, ఇవన్నీ రెండో లెక్కలోకి వస్తాయి. నష్టం పెద్దదిగా, చేతిలో ఉన్నది చిన్నదిగా తోచినప్పుడు ఒత్తిడి మొదలవుతుంది. "ఇంత చిన్నదానికి అంత టెన్షన్ ఎందుకు" అని ఎదుటివారిని అడిగే మనిషి మొదటి లెక్కను మాత్రమే చూస్తున్నాడు. రెండో లెక్క బయటివారికి కనిపించదు.

దీన్నిబట్టి చూస్తే బరువు ఎంత ఉందన్నది ఒక్కటే ఒత్తిడిని నిర్ణయించదు. ఆ బరువు ఎప్పటికి దిగుతుందో తెలుసా, దాన్ని దించుకోవడంలో మన చేతిలో ఏమైనా ఉందా అన్న రెండు ప్రశ్నలకే ఎక్కువ విలువ ఉంది. రోజుల తరబడి పడిన వాన గంటసేపు తెరిపి ఇచ్చినా నేల కొంత నీటిని ఇంకించుకుంటుంది. అసలు తెరిపి ఇవ్వనప్పుడే చేనులో నీరు నిలిచి వేర్లు కుళ్లుతాయి. మనిషి శరీరం కూడా తెరిపి ఉన్న ఒత్తిడిని భరించేందుకు తయారైందే.

శరీరం లోపల జరిగేది

ప్రమాదం ఎదురైన జంతువు శరీరం పోరాటానికో పారిపోవడానికో ఎట్లా సిద్ధమవుతుందో 1915లో వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వివరించాడు. మెదడు నుంచి నరాల ద్వారా కబురు అందగానే, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగం క్షణాల్లో అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది, నోరు ఎండిపోతుంది. దాని వెనకనే మరో వరుస కదులుతుంది. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి, పీయూష గ్రంథి అడ్రినల్ గ్రంథుల పైపొరకు రసాయన సందేశాలు పంపగా, కొన్ని నిమిషాల్లో కార్టిసాల్ అనే హార్మోను విడుదలవుతుంది. కాలేయంలోని చక్కెర రక్తంలోకి వచ్చి, పరిగెత్తడానికి కావలసిన ఇంధనం సిద్ధమవుతుంది. కార్టిసాల్ తగినంత చేరిందని మెదడు గుర్తించినప్పుడు మొత్తం వరుసను తానే నెమ్మదింపజేస్తుంది. అంటే ఆపే ఏర్పాటు ఈ యంత్రాంగంలోనే ఉంది.

చిక్కు వచ్చేది కారణం ఆగనప్పుడు. 1936లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న హాన్స్ సెల్యే 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ ప్రచురించాడు. చలి, గాయం, అతిశ్రమ, మందుల మోతాదు, ఇట్లా ఎలుకలకు ఏ రకమైన బాధ కలిగించినా వాటి శరీరాల్లో ఒకే తీరు మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక వ్యవస్థకు చెందిన థైమస్ కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. మొదట ఉలికిపాటు, తర్వాత తట్టుకుని నిలబడటం, చివరకు అలసి కూలిపోవడం అనే మూడు దశలను ఆయన గుర్తించాడు. దశాబ్దాల తర్వాత, 1993 ప్రాంతంలో, బ్రూస్ మెక్‌యూవెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ ఆలోచనను ముందుకు తీసుకుపోయి, ప్రతిసారీ సర్దుకుపోవడానికి శరీరం చెల్లించే మూల్యం లోలోపల పేరుకుపోతుందని చూపాడు. రక్తపోటు పెరగడం, పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, రక్తంలో చక్కెర అదుపు తప్పడం, నిద్ర పలచబడటం అట్లా పేరుకున్న మూల్యంలోవే.

వ్యాధి నిరోధక శక్తి మీద ఒత్తిడి ప్రభావాన్ని కొలిచిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. షెల్డన్ కోహెన్ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఎక్కువ ఒత్తిడిలో ఉన్నవారికే ఎక్కువగా ఇన్‌ఫెక్షన్ అంటుకుంది. 1995లో జానిస్ కీకాల్ట్-గ్లేసర్ బృందం, మతిమరుపు వ్యాధి వచ్చిన బంధువులకు సేవ చేస్తున్న మహిళల చర్మం మీద చిన్న గాయం చేసి పరిశీలించగా, అది మానడానికి ఇతరుల కంటే సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచాన పడిన అత్తమామలకు ఏళ్ల తరబడి చాకిరీ చేసే కోడళ్లు ఈ ఫలితాన్ని చదవనక్కర లేదు, వాళ్లకు అనుభవమే.

అయితే ప్రతి రోగాన్నీ ఒత్తిడి ఖాతాలో వేయడం కూడా పొరపాటే. సెల్యే ఎలుకలకు పుండ్లు పడ్డాయి కాబట్టి మనుషుల కడుపులో పుండ్లకూ టెన్షనే మూలమని చాలాకాలం నమ్మారు. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్, వాటిలో ఎక్కువ భాగానికి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమని చూపారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మన దగ్గర దీనికి తిరగేసిన పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. తల బరువుగా ఉందనీ, ఛాతీలో మంటగా ఉందనీ, ఒళ్లంతా గుంజుతున్నదనీ ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోయిన మనిషికి గ్యాస్ గోలీలు ఇచ్చి, ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించి పంపిస్తారు. ఆ మనిషి ఎన్ని రోజులుగా నిద్రపోలేదో అడిగేవారు అరుదు. ఇంకోవైపు, ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతూ చెమటలు పడుతుంటే దాన్ని టెన్షన్ అనుకుని ఇంట్లో కూర్చోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఒత్తిడి అని తేల్చే ముందు బీపీ, షుగర్, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

చేతిలో ఉన్నదీ లేనిదీ

ఉన్నత ఉద్యోగుల మీదే బరువు ఎక్కువ కాబట్టి గుండెపోట్లు వాళ్లకే ఎక్కువని ఒకప్పుడు అనుకునేవారు. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. హోదా తగ్గినకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో మొదలైన రెండో విడత అధ్యయనం, తన పని తీరు మీద తనకు పట్టు లేని ఉద్యోగికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేల్చింది. వెయ్యి బీడీలకు ఇంత అనే లెక్కన చుట్టే జగిత్యాల, నిర్మల్ మహిళలకూ, ఆర్డరు ఉంటేనే సాంచాలు (మరమగ్గాలు) నడిచే సిరిసిల్ల కార్మికులకూ ఆ పట్టు ఎంత ఉంటుందో ఊహించవచ్చు. పెద్ద అధికారికి పని ఎక్కువే, కానీ ఏ పని ఎప్పుడు చేయాలో చాలావరకు ఆయనే నిర్ణయించుకుంటాడు.

డబ్బు కరువు ఆలోచననే కుదిస్తుందని చెప్పే అధ్యయనం ఒకటి మన దక్షిణాదిలోనే జరిగింది. ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బులు చేతికొచ్చాక మరోసారి ఒకే తరహా బుద్ధి పరీక్షలు పెట్టి, 2013లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. అదే మనిషి డబ్బులు లేనప్పుడు తక్కువ మార్కులు, వచ్చాక ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తెలివి మారలేదు, అప్పు, ఖర్చు, గడువు అనే లెక్కలు తలను ఆక్రమించడం వల్ల మిగతా ఆలోచనకు చోటు తగ్గింది. యాసంగి మొదట్లో అప్పుల్లో ఉన్న రైతు తప్పుడు విత్తనం కొన్నాడని, పనికిరాని మందు కొట్టాడని నిందించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఒత్తిడిని ఎదుర్కొనే దారులను లాజరస్, ఫోక్‌మన్ రెండుగా విడదీశారు: సమస్యను సరిచేయడం ఒకటి, సమస్య వల్ల మనసులో రేగిన కలతను నెమ్మదింపజేయడం రెండోది. రెండూ అవసరమే, అయితే ఏది ఎక్కడ వాడాలో తెలియాలి. మన చేతిలో ఉన్నదానికి మొదటి దారి, లేనిదానికి రెండో దారి సరిపోతాయి. ఆచరణలో మనం వీటిని తారుమారు చేస్తుంటాం. వాన ఎప్పుడు పడుతుందో, మార్కెట్లో మిర్చి ఎంత పలుకుతుందో అని రాత్రంతా రంది పడతాం, ఆ రెండూ మన చేతిలో లేవు. అప్పు ఎంత ఉంది, మిత్తి ఎంత పెరిగింది అన్నది మాత్రం లెక్క చూసుకోవడానికే భయపడి, కల్లు మండువా వైపో మందు సీసా వైపో మళ్లుతాం. మద్యం నిద్ర పట్టిస్తుందన్న నమ్మకం సగమే నిజం. తొందరగా కునుకు పట్టించినా, రాత్రి రెండో భాగంలో నిద్రను ముక్కలు చేస్తుంది, తెల్లారేసరికి గుండె దడను, గాబరాను మిగులుస్తుంది.

కాబట్టి మొదటి పని కాగితం మీద మొదలుకావాలి. నూటికి రెండు రూపాయల మిత్తికి రెండు లక్షలు తెచ్చిన కుటుంబానికి నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు మిత్తి కిందనే పోతాయి. అదే మొత్తం బ్యాంకు పంట రుణమైతే 7 శాతం చొప్పున ఏడాదికి 14,000. గడువులోగా కడితే దొరికే 3 శాతం రాయితీ పోను 8,000 రూపాయలే. ఇట్లా రాసుకుంటే ఏ అప్పు ముందు తీర్చాలో, ఎవరితో గడువు గురించి మాట్లాడాలో తేటపడుతుంది. పట్టా పాసు పుస్తకం తన పేరు మీద లేని కౌలు రైతుకు ఆ బ్యాంకు రుణం అందడం కష్టం, కాబట్టి అతని ఒత్తిడికి మందు అతని మనసులో వెతకడం సరికాదు. అమ్మకం విషయంలోనూ కొంత భాగం మన చేతిలో ఉంటుంది. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటేనే భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం దాటితే కొనదు. ధర మన చేతిలో లేకున్నా, ఇంటి దగ్గర ఎండబెట్టడానికి చోటు, వ్యవధి ఉన్నవారికి తేమ చాలావరకు చేతిలో ఉన్నదే.

ఎడారి దేశాలకు పోయినవారి కుటుంబాల కథ ఇంకొంచెం వేరు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఏజెంటుకు కట్టిన సొమ్ము అప్పుగా మిగిలి, మనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నప్పుడు, ఇంటి దగ్గర భార్యకు ఫోన్ వస్తే ఒక భయం, రాకపోతే ఇంకో భయం. ఇట్లాంటి అనిశ్చితిని పూర్తిగా తొలగించలేం, కానీ చిన్నది చేయవచ్చు. వారంలో ఫలానా రోజు ఫలానా వేళ మాట్లాడుకుందామని, ఆ వేళ కుదరకపోతే మరుసటి రోజు సందేశం పెడతానని ముందే అనుకుంటే, మిగతా రోజుల్లో ఫోన్ మోగనంత మాత్రాన గుండె జారిపోదు.

ఒంటికి తెరిపి

మన చేతిలో లేని భాగానికి శరీరం ద్వారా దారి ఉంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం కొంచెం పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నాడి ప్రభావం ఎక్కువ. అందుకే పీల్చడం కన్నా వదలడం ఎక్కువసేపు ఉండేటట్టు, నిమిషానికి ఆరు ఊపిరుల చొప్పున ఐదు నిమిషాలు కూర్చుంటే ఒళ్లు నెమ్మదిస్తుంది. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలితే సరిపోతుంది. ఇది అప్పు తీర్చదు, ధర పెంచదు. అప్పిచ్చినవాడితో మాట్లాడబోయే ముందు గొంతు వణకకుండా చూస్తుంది.

నడకకూ ఇదే తరహా గుణం ఉంది. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. హన్మకొండలో ఉద్యోగం చేస్తూ రోజంతా కుర్చీలో ఉండేవారికి భద్రకాళి బండ్ మీదనో, వడ్డేపల్లి చెరువు కట్ట మీదనో పొద్దున అరగంట నడవడం చాలా మేలు చేస్తుంది. రోజంతా వంగి పత్తి ఏరిన ఆడమనిషికి ఇదే సలహా ఇవ్వడం మాత్రం ఎగతాళి చేసినట్టే. ఆమెకు కావలసింది కాళ్లు చాపుకుని కూర్చునే గంటసేపు, ఆ గంటలో పొయ్యి దగ్గరికి ఇంకెవరైనా పోవడం.

నిద్ర సంగతి కొంత విడమరచి చెప్పుకోవాలి, ఎందుకంటే ఒత్తిడి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర మరునాటి ఒత్తిడిని పెంచుతుంది. కార్టిసాల్ మామూలుగా పొద్దున లేచిన అరగంట, ముప్పావు గంటకు గరిష్ఠ స్థాయికి చేరి, అర్ధరాత్రి ప్రాంతంలో కనిష్ఠానికి దిగుతుంది. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి గనుల్లో షిఫ్టులు మారుతూ పనిచేసే సింగరేణి కార్మికుడి ఒంటి గడియారం ఈ వరుసతో పేచీ పడుతుంది. రాత్రి షిఫ్టు దిగి ఎండలో ఇంటికి వచ్చేసరికి వెలుతురు మెదడుకు తెల్లవారిందని చెబుతుంది, ఆపైన పిల్లల సందడి, ఫోన్లు, వచ్చిపోయే చుట్టాలు. కిటికీకి మందపాటి పరదా, ఫోన్ వేరే గదిలో, ఆ నాలుగైదు గంటలు ఎవరూ లేపకూడదన్న కట్టడి, ఇవి ఇంట్లోవాళ్లు పూనుకుంటేనే సాగే పనులు. షిఫ్టు చివరి గంటల్లో చాయ్ మానుకోవడం మాత్రం తానొక్కడే చేయగలడు.

పక్క మీద చేరగానే రంది ముసురుకునేవారికి 1980ల నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి ఉంది. రంది పడటానికే రోజులో ఒక వేళ, ఒక చోటు కేటాయించుకోవడం. సాయంత్రం ఆరు గంటలకు అరుగు మీద అరగంట అనుకుంటే, మధ్యలో వచ్చిన ప్రతి ఆలోచనను ఆ వేళకు వాయిదా వేసి, ఆ వేళ రాగానే కాగితం తీసి ఒక్కొక్కటే చూసుకోవాలి. 1983లో థామస్ బోర్కోవెక్ బృందం దీన్ని పరీక్షించి, రోజూ రంది పడే సమయం తగ్గిందని చూపింది. వినడానికి వింతగా ఉన్నా, రందికి గడువు పెట్టడం వల్ల దానికి కూడా తెరిపి ఏర్పడుతుంది. హన్మకొండ హాస్టళ్లలో ఉండి నీట్, జేఈఈకి చదివే పిల్లలకు ఇది మరీ పనికొస్తుంది. పరీక్షకు ఎట్లాగూ ఒక తేదీ ఉంటుంది, వారం వారం వచ్చే ర్యాంకుల పట్టికకే అంతు ఉండదు.

మనుషుల అండ గురించి ఒక్క మాట. "ఫికర్ చేయకు" అనడం వినడం కిందికి రాదు. ఏం జరిగింది, ఎప్పటినుంచి, ఇప్పుడు ఏది ఎక్కువ భయం అని అడిగి, సలహా ఇవ్వకుండా పావుగంట విన్నవారు లాజరస్ చెప్పిన రెండో లెక్కలో ఒక అంకె పెంచినట్టే. మహిళా సంఘాలు ఆ పని ఎన్నో ఊళ్లలో చేస్తున్నాయి, అయితే కిస్తీ కట్టలేని రోజున అదే సంఘం సమావేశానికి పోవాలంటే జంకు పుడుతుంది. అండగా ఉండాల్సిన చోటే బాకీ వసూలు చోటు కావడం మన దగ్గరి విచిత్రం.

ఒత్తిడి దాటిపోయినప్పుడు

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోవడం, ఆకలి, నిద్ర తప్పడం, నేను ఎవరికీ పనికిరాను అనిపించడం కనిపిస్తే అది ఒత్తిడి దాటి కుంగుబాటు అయి ఉండవచ్చు. నడకతో, ఊపిరితో సరిపెట్టుకోకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పాలి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళైనా, తెలుగులోనే, ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 1997-98లో పత్తి దెబ్బతిన్నప్పుడు వరంగల్ జిల్లా రైతుల మరణాలు దేశమంతా చర్చకు వచ్చాయి. ఆ అనుభవం తర్వాత కూడా పురుగుమందు డబ్బాలు చాలా ఇళ్లలో చేతికందే చోటే ఉంటున్నాయి. వాటిని తాళం వేసిన చోట, తాళంచెవి వేరే మనిషి దగ్గర ఉంచడం ప్రాణాలు కాపాడే పని అని ఆత్మహత్యల నివారణ మీద పనిచేసే నిపుణులు గట్టిగా చెబుతారు, ఎందుకంటే ఆ తీవ్రమైన ఆలోచన చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది.

ఒకసారి ప్రయత్నించి బతికినవారిని పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఉండే అవసరం లేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, అట్లాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, వారికి చికిత్స, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. వరంగల్ ఎంజీఎం వంటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడికి పోయేటప్పుడు నిద్ర ఎన్నాళ్లనుంచి తప్పింది, బరువు తగ్గిందా, మద్యం ఎంత తాగుతున్నారు, ఇంతకుముందు వాడిన మందులు ఏమిటి అన్నవి ఒక చీటీ మీద రాసుకుని, మనిషిని దగ్గరగా చూసిన ఒకరు వెంట ఉంటే వైద్యుడికి తేలికవుతుంది. కుంగుబాటు మందులు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాలకు గానీ గుణం తెలియదు. వారం వాడి లాభం లేదని మానేయడం, కొంచెం తేరుకోగానే చెప్పకుండా ఆపేయడం వల్ల జబ్బు తిరగబెడుతుంది కాబట్టి, ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో వైద్యుడినే అడగాలి.